చేతిలో పదకొండు వేల చుట్లు

కిలోన్నర బరువు. నాలుగంగుళాల చక్రం. నిమిషానికి దాదాపు 11 వేల చుట్లు. గేటు, కిటికీ గ్రిల్లు, మెట్ల రెయిలింగు, రేకుల షెడ్డు, వంటింటి గ్రానైట్ గట్టు... వీటిలో ఏదీ ఇవాళ ఈ మెషీన్ చేయిపడకుండా తయారు కాదు. పుస్తకాల్లో దాని పేరు యాంగిల్ గ్రైండర్. విజయవాడ ఆటోనగర్‌లో మాకు ఒట్టి గ్రైండరే. ఇంట్లో గ్రైండర్ అంటే ఇడ్లీ పిండి గుర్తొస్తుంది, మా వీధిలో నిప్పురవ్వలు గుర్తొస్తాయి. పాతికేళ్లుగా నా బతుకు ఆ రవ్వల మధ్యనే నడుస్తోంది.

జర్మనీలోని ఒక చిన్న ఊళ్లో ఫ్లెక్స్ అనే కంపెనీ 1954లో దీన్ని తయారు చేసింది. ఆ పేరు ఎంతగా నాటుకుపోయిందంటే, జర్మన్లు ఇప్పటికీ గ్రైండర్‌తో కోయడాన్ని 'ఫ్లెక్స్ చేయడం' అంటారు. రష్యన్లకు అది బల్గేరియా నుంచి వచ్చింది కాబట్టి వాళ్లు 'బల్గార్కా' అంటారు. మన దగ్గరికి వచ్చేసరికి ఇది రంపం, ఆకురాయి, ఉలి, మూడింటి పనీ తానే చేసే సాధనమైంది. రెండంగుళాల యాంగిల్‌ను హ్యాక్సా బ్లేడుతో కోస్తే భుజం పడిపోయేది. ఇప్పుడు నిమిషం పట్టదు. ఆళ్లగడ్డ శిల్పుల ఉలి పక్కన కూడా ఇది చేరింది.

ఇంత పని చేసే వస్తువు మీద భయం ఉండాల్సినంత ఉండదు. కారణం దాని సైజే. గుప్పిట్లో ఇమిడే మెషీన్‌ను చూసి ఎవరూ జంకరు. కానీ లెక్క వేరు. నాలుగంగుళాల చక్రం నిమిషానికి 11 వేల సార్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు 57 మీటర్లు. అంటే గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. హైవే మీద ఆ వేగంతో కారు పోతుంటే పక్కకు తప్పుకుంటాం. అదే వేగంతో తిరిగే చక్రాన్ని మొహానికి మూరెడు దూరంలో పెట్టుకుని పాటలు వింటూ పనిచేస్తాం.

ఒక కన్ను ఖరీదు

ఈ లెక్క నాకు బడిలో రాలేదు. 2006లో మా అన్నయ్య కన్ను పోయాక వచ్చింది. అప్పుడు అన్నయ్య ఒక కాంట్రాక్టర్ కింద అపార్ట్‌మెంట్ సైటులో పనిచేస్తున్నాడు. మందపాటి చానల్ కోయాలి. ఏడంగుళాల మెషీన్ ఆర్మేచర్ కాలిపోయింది. మర్నాడు స్లాబు. సూపర్‌వైజర్ ఏడంగుళాల చక్రాన్నే బుష్ తొడిగి నాలుగంగుళాల మెషీన్‌కు బిగించమన్నాడు. పెద్ద చక్రం పట్టదు కాబట్టి గార్డు తీసేయించాడు. పని మొదలైన కాసేపటికే చక్రం మూడు ముక్కలైంది. ఒకటి రేకుల పైకప్పును చీల్చుకుని పోయింది. ఇంకొకటి అన్నయ్య కుడి కన్ను తీసుకుపోయింది.

ఎందుకు పగిలిందో చక్రం మీదే రాసి ఉంటుంది. ఏ కంపెనీ చక్రమైనా సరే, అది ఎంత వేగం దాకా తట్టుకోగలదో ముద్రిస్తారు. మామూలు రెజిన్ చక్రాలకు అంచు దగ్గర సెకనుకు 80 మీటర్లు హద్దు. నాలుగంగుళాల చక్రం ఆ హద్దు చేరాలంటే నిమిషానికి 15 వేల పైచిలుకు చుట్లు తిరగాలి. ఏడంగుళాల చక్రానికి 8,500 చుట్లకే ఆ హద్దు వచ్చేస్తుంది. దాన్ని 11 వేల చుట్ల మెషీన్‌కు బిగిస్తే అంచు సెకనుకు వంద మీటర్లు దాటుతుంది. చక్రాన్ని చీల్చే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. అంటే తట్టుకోగలిగినదానికి ఒకటిన్నర రెట్ల పైన. పగలకపోతేనే ఆశ్చర్యపోవాలి.

కాంట్రాక్టర్ మొదటి ఆస్పత్రి బిల్లు కట్టాడు. నెల తిరిగేసరికి అన్నయ్య ఎవరో తనకు తెలియదన్నాడు. అప్పట్లో అమల్లో ఉన్న 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం జాబితాలో కంటికి లెక్క ఉంది. రెండో కన్ను బాగుండి ఒక కన్ను పూర్తిగా పోతే సంపాదన శక్తిలో 40 శాతం నష్టం, కనుగుడ్డు ఉండి చూపు మాత్రమే పోతే 30 శాతం. ఆ శాతాన్ని బట్టి, జీతాన్ని బట్టి, వయసును బట్టి పరిహారం కట్టాలి. కానీ అన్నయ్య పేరు ఏ హాజరు పుస్తకంలోనూ లేదు. పుస్తకంలో లేని మనిషికి పుస్తకంలోని శాతాలతో పనేముంది? ఆ చట్టం స్థానంలో ఇప్పుడు సామాజిక భద్రత కోడ్ వచ్చింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన ఆ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. చట్టం మారింది. సైటు మీద పేరు రాసుకునే అలవాటు మారిందా అన్నదే నా అనుమానం.

ఒంటికన్నుతో దూరం అంచనా దెబ్బతింటుంది. గ్లాసులో నీళ్లు పోస్తే పక్కన పడతాయి. అన్నయ్య మళ్లీ వెల్డింగ్ హోల్డర్ పట్టలేదు. ఇప్పుడు మా షెడ్డులో ఆయన పని ఒకటే. పొద్దున్నే చక్రాలు ఇవ్వడం. ఒక్కో చక్రాన్నీ ఎడమ కంటి దగ్గర పెట్టుకుని, నడిమధ్య లోహపు రింగు మీద కొట్టిన తేదీ చదువుతాడు. రెజిన్‌తో అతికించిన చక్రాలకు సాధారణంగా తయారైన నాటి నుంచి మూడేళ్లే ఆయుష్షు. చెమ్మ తగిలితే అంతకన్నా ముందే బలం పోతుంది. తేదీ దాటినా, అంచు పెచ్చు లేచినా, కింద పడినా ఆయన దాన్ని మెషీన్ దాకా రానివ్వడు. చేత్తోనే విరిచి పడేస్తాడు. రెండు మూడు టీల ఖరీదు కూడా చేయని చక్రం అది.

గార్డు ఎవరికి అడ్డం?

మా రంగంలో ఎవరినడిగినా ఒకటే మాట: గార్డు అడ్డం. కొత్త మెషీన్ డబ్బా విప్పగానే గార్డు, పక్క పిడి అటకెక్కుతాయి. ఈ ఫిర్యాదులో కొంత నిజం లేకపోలేదు. గ్రిల్లు మూలలో, రెండు పైపులు కలిసే చోట గార్డు నిజంగానే అడ్డం పడుతుంది. అక్కడ మా షెడ్డులో ఆకురాయి వాడతాం, లేదా సన్నటి బిట్టు తిరిగే డై గ్రైండర్. గంటకు పది నిమిషాలు ఎక్కువ పడుతుందేమో. మిగతా పనంతటికీ గార్డు ఉంటే వచ్చే నష్టం ఏమీ లేదు. స్క్రూ వదులు చేసి దాన్ని కావలసిన వైపు తిప్పుకోవచ్చు. చక్రానికీ ఒంటికీ మధ్య అది ఉందా లేదా అన్నదే చూసుకోవాలి.

గార్డు లేకపోతే వచ్చే ముప్పుల్లో రెండోది తన్నుడు. కోసే చక్రం సందులో బిగుసుకుపోతే, చక్రం ఆగుతుంది కానీ మోటారు బలం ఆగదు. మెషీన్ మొత్తం చక్రం తిరిగే దిశకు ఎదురుగా ఎగిరి పడుతుంది. సెకనులో పదో వంతు పట్టదు. చేయి వెనక్కి లాక్కునే వ్యవధి ఎవరికీ ఉండదు. అందుకే రెండో చేతికి పక్క పిడి. అందుకే చక్రం తిరిగే గీతలో మొహం, మెడ, తొడ ఉండకూడదు. కాస్త పక్కకు నిలబడితే, తన్నినా గాలిని తంతుంది.

బిగుసుకోవడానికి కారణం నూటికి తొంభై సార్లు కోసే మనిషి తొందర కాదు, రాడ్డు పెట్టిన తీరు. పొడుగాటి రాడ్డును రెండు చివర్లా దిమ్మెల మీద పెట్టి మధ్యలో కోస్తే, కోతపడే కొద్దీ మధ్యభాగం కిందకు వంగుతుంది. సందు మూసుకుని చక్రాన్ని నొక్కేస్తుంది. అదే రాడ్డును బల్లకు బిగించి, కోసే ముక్క బయటకు వేలాడేలా పెడితే, ముక్క తన బరువుకు తానే వంగి సందు తెరుచుకుంటుంది. ఇనుప రేకు అయితే గీతకు రెండు వైపులా దగ్గర్లో ఆధారం ఉండాలి. కాలితో తొక్కిపట్టి కోయడం మన సైట్ల మీద రోజూ చూసే దృశ్యం. మనిషి కాలు క్లాంపు కాదు.

చక్రాలన్నీ ఒకటి కావు

కోసే చక్రం మందం ఒక మిల్లీమీటరు నుంచి మూడు దాకా. రుద్దే చక్రం ఆరు మిల్లీమీటర్లు. సన్నది అంచుతో కోయడానికి పుట్టింది. దాని పక్కభాగంతో వెల్డింగ్ మచ్చలు రుద్దితే పెళుసుగా విరిగిపోతుంది. రుద్దడానికి మందపాటిదే వాడాలి. అదీ ఇనుముకు 15 నుంచి 30 డిగ్రీల వాలులో ఆనించి, ముందుకూ వెనక్కూ ఆడిస్తూ. ఒకేచోట ఆపితే గుంట పడుతుంది, ఇనుము నీలం తిరుగుతుంది. అంచుల దగ్గర ఇంకో జాగ్రత్త ఉంది. చక్రం అంచు మీద నుంచి బయటకు తిరిగిపోయేలా పట్టుకోవాలి. అంచులోకి తిరిగేలా పడితే కొరికి పట్టేస్తుంది. ఆ తర్వాత నునుపు కోసం ఫ్లాప్ డిస్క్, ముందు 60 నంబరు, తర్వాత 80.

నొక్కితే పని త్వరగా అవుతుందన్నది భ్రమ. మెషీన్ బరువే చాలు. మోటారు శబ్దం వింటే తెలిసిపోతుంది. సన్నగా కూస్తూ ఉంటే పని సాగుతున్నట్టు. గొంతు దిగి మూలిగితే మనం ఎక్కువ నొక్కుతున్నట్టు. చక్రం అరుగుతుంది, ఆర్మేచర్ వేడెక్కుతుంది, కోత మాత్రం వేగం పెరగదు. మంచి పనివాడి గ్రైండర్ శబ్దం మొదటి నుంచి చివరి దాకా ఒకే శ్రుతిలో ఉంటుంది. మా మేస్త్రి కళ్లు మూసుకుని, హెల్పర్లలో ఎవరు కోస్తున్నారో చెప్పేస్తాడు.

స్టీలు రెయిలింగుకు ఆరు నెలల్లోనే తుప్పు చుక్కలు పడ్డాయని కస్టమర్లు గొడవకు వస్తుంటారు. తప్పు స్టీలుది కాకపోవచ్చు. మామూలు ఇనుము రుద్దిన చక్రంతోనే స్టెయిన్‌లెస్ స్టీలును రుద్దితే, చక్రంలో ఇరుక్కున్న ఇనుప రజను స్టీలు మీద అతుక్కుంటుంది. తుప్పు పట్టేది ఆ రజనే. అందుకే స్టీలుకు విడిగా చక్రాలు ఉంచుకోవాలి. వాటి మీద 'ఐనాక్స్' అని రాసి ఉంటుంది. అల్యూమినియంను ఇనుము చక్రంతో రుద్దినా ఇబ్బందే. మెత్తటి లోహం చక్రం సందుల్లో పూడుకుపోయి, అది రుద్దడం మానేసి వేడెక్కుతుంది. ఇక పళ్లున్న రంపపు బ్లేడును బిగించి కర్ర కోయడం అన్నింటికన్నా ప్రమాదం. కర్రలో పన్ను దిగబడిందంటే మెషీన్ తన్నే తన్ను ఇనుము మీద కంటే ఘోరంగా ఉంటుంది. కర్ర పనికి వేరే మెషీన్లు ఉన్నాయి.

ఇంకో ముప్పు మన కరెంటుది. చాలా గ్రైండర్లకు స్విచ్ ముందుకు జరిపితే అక్కడే నిలబడిపోతుంది. 2012లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ఇచ్చిన రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. పని మధ్యలో కరెంటు పోతే మెషీన్ అలాగే కింద పెట్టి టీకి వెళ్లేవారు. కరెంటు రాగానే మెషీన్ నేల మీద పాములా గెంతేది. ఇప్పుడు కరెంటు మెరుగైంది, అలవాటు అలాగే ఉంది. కరెంటు పోగానే స్విచ్ ఆపాలి, ప్లగ్గు పీకాలి. చక్రం మార్చేటప్పుడూ అంతే. తిరిగి వచ్చిన కరెంటుకు తనంతట తాను మొదలవని మెషీన్లు, చేయి తీయగానే ఆగిపోయే స్విచ్చులు ఇప్పుడు దొరుకుతున్నాయి. ప్లగ్గు లేకుండా వైర్లు సాకెట్లో గుచ్చి అగ్గిపుల్లలు దోపే సైటు మీద మాత్రం ఏ మెషీనూ క్షేమం కాదు.

కంట్లో నలుసు, ఊపిరిలో రాయి

అన్నయ్యది పెద్ద ప్రమాదం. అలాంటివి అరుదు. రోజూ జరిగేది కంట్లో రజను పడటం. నిప్పురవ్వ అంటే కాలుతున్న ఇనుప ముక్క. అది కంటి నల్లగుడ్డు మీద పడితే అతుక్కుపోతుంది. ఒక రోజు గడిస్తే దాని చుట్టూ తుప్పు వలయం కడుతుంది. మా వీధిలో దీనికి వైద్యం సూది మొన, అగ్గిపుల్ల, నాలుక. పల్లెటూళ్లలో అయితే చనుబాలు. ఇవేవీ వద్దు. కన్ను నలపకుండా శుభ్రమైన నీళ్లతో కడగాలి. అప్పటికీ గుచ్చుతుంటే కంటి డాక్టరే తీయాలి. కళ్లజోడు పెట్టుకున్నామని సరిపెట్టుకోవడం కూడా కుదరదు. పక్కలు మూసిన గాగుల్స్ కావాలి. రుద్దే పనికి వాటి మీద మొహం కప్పే షీల్డు. మామూలు గాగుల్స్ వంద రూపాయల లోపే వస్తాయి.

లుంగీ, మెడలో తువ్వాలు, వదులు చొక్కా చక్రానికి ఇష్టమైన ఆహారం. నూలు గ్లవ్స్ పోగులు కూడా చుట్టుకుంటాయి. తోలువే వాడాలి. రవ్వలు కొన్ని మీటర్ల దూరం పోతాయి కాబట్టి, అవి ఎటు పోవాలో ముందే నిర్ణయించుకుని ఆ వైపు థిన్నరు డబ్బాలు, స్పాంజి, బైకులు లేకుండా చూసుకోవాలి. పెట్రోలు, కెమికల్ నింపిన ఖాళీ డ్రమ్ము కోయమని ఎంత డబ్బిచ్చినా ఒప్పుకోకూడదు. డ్రమ్ములో మిగిలిన ఆవిరి బాంబుతో సమానం.

ఇనుము దెబ్బ వెంటనే తెలుస్తుంది. రాయి దెబ్బ ఏళ్ల తర్వాత తెలుస్తుంది. గ్రానైట్‌లో మూడో వంతు దాకా సిలికా ఉంటుంది. కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో 90 శాతం దాకా. పొడిగా కోస్తే లేచే తెల్లటి దుమ్ములో కంటికి కనిపించని భాగమే ఊపిరితిత్తుల లోతుకు పోయి సిలికోసిస్ తెస్తుంది. దానికి మందు లేదు. రాజస్థాన్‌లోని పిండ్వాడా ప్రాంతంలో దేవాలయాల కోసం రాయి చెక్కేవాళ్లు గ్రైండర్లు పట్టాక ఈ జబ్బుతో కుప్పకూలారు. ఆ రాష్ట్రం 2019లో సిలికోసిస్ బాధితుల కోసం ప్రత్యేక విధానమే తేవలసి వచ్చింది. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి కృత్రిమ రాతి పలకలనే నిషేధించింది. మన అపార్ట్‌మెంట్లలో మాత్రం వంటింటి గట్టును గది మధ్యలోనే, ముక్కుకు రుమాలు కట్టుకుని కోస్తున్నారు. రుమాలు ఈ దుమ్మును ఆపదు. కోత మీద సన్నటి నీటి ధార పడాలి. అది కూడా నీటితో వాడేందుకే తయారైన మెషీన్‌తో, షాక్ కొట్టకుండా సరఫరా కట్ చేసే ఆర్‌సీసీబీ ఉన్న లైను మీద. దాంతోపాటు ఎన్95 స్థాయి మాస్కు.

కిలో రేటు లెక్క

ఇదంతా చెబితే తోటి షెడ్ల వాళ్లు నవ్వుతారు. మాకు పని కిలో లెక్కన వస్తుంది. గేటు ఎన్ని కిలోలు తూగితే అన్ని డబ్బులు. గార్డు ఉన్నందుకు, గాగుల్స్ పెట్టుకున్నందుకు కస్టమర్ కిలోకు రూపాయి కూడా ఎక్కువ ఇవ్వడు. నిరుడు ఒక బిల్డర్ మనిషి మా షెడ్డుకు వచ్చి, పక్క షెడ్డు రెండు రోజులు ముందే ఇస్తానంటోందని చెప్పి ఆర్డరు పట్టుకుపోయాడు. అది నాకు మూడు నెలల పని. ఆ రాత్రి నేనూ లెక్క వేశాను. రెండు రోజులు మిగిలేది మూలల్లో ఆకురాయి మానేస్తే, అంటే గార్డులు విప్పితే. అన్నయ్య దగ్గర ఆ మాట ఎత్తే పని లేకపోయింది. పొద్దున్నే చక్రాలు పంచే మనిషి ముందు ఆ మాట ఎవరు ఎత్తగలరు?

అన్నయ్య కొడుకు మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి షెడ్డులోకి వస్తానంటున్నాడు. వదిన వద్దంటోంది. ఆమె అడిగేదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. 'మీ షెడ్డులో సరే మరిదీ, రేపు సైటు మీదికి పంపితే అక్కడ గార్డు ఎవరు చూస్తారు?' అంటుంది. అన్నయ్య మాత్రం రమ్మన్నాడు, ఒక షరతు మీద. మొదటి ఆరు నెలలు వాడు స్విచ్ నొక్కకూడదు. చక్రాలు చదవాలి, బల్లకు రాడ్లు బిగించాలి, మెషీన్ శబ్దం వినాలి. సైటుకు వెళ్లే ముందు హాజరు పుస్తకంలో తన పేరు తానే చూసుకోవాలి.

వదిన ప్రశ్నకు సగం జవాబు షెడ్లలో ఉంది. మిగతా సగం ఇల్లు కట్టించేవాళ్ల దగ్గర ఉంది. టైల్సు రంగు దగ్గర, స్విచ్చుల కంపెనీ దగ్గర గంటలు గంటలు బేరమాడేవాళ్లు, తమ గోడకు గాడి తీస్తున్న కుర్రాడి మెషీన్ వైపు ఒక్కసారి చూడటం కష్టమేమీ కాదు. గార్డు ఉందా, కళ్లకు గాగుల్స్ ఉన్నాయా, మేస్త్రి పుస్తకంలో అతని పేరుందా? మూడే ప్రశ్నలు. యాభై లక్షల ఇంట్లో వంద రూపాయల గాగుల్స్ ఖర్చు యజమాని భరించినా ఇంటి బడ్జెట్ తలకిందులు కాదు. ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ ఏ సైటుకూ రోజూ రాడు. యజమాని వస్తాడు.